మొదటి కత్తి అలుగు: సుత్తితో ఎంత వరకు, ఆకురాయితో ఎంత వరకు?

కొలిమి పని కొత్తగా మొదలుపెట్టిన ప్రతివాళ్లకీ ఒక ఆశ ఉంటుంది. కత్తి మొత్తం సుత్తి దెబ్బల మీదే తయారవ్వాలి, ఆకురాయి, అంటే ఇనుముని అరగదీసే ఫైలు, అవసరమే రాకూడదు అని. నాకూ ఉండేది. నా మొదటి అలుగు (పిడి కాక మిగిలిన కత్తి భాగం) వాదరని, అంటే కోసే అంచుని, 1 మి.మీ. దాకా సాగగొట్టాను. దాగలి, అంటే కింద పెట్టి కొట్టే ఇనుప దిమ్మ, మీద చూస్తే ముచ్చటేసింది. తీరా పొలుసు (కాల్చినప్పుడు ఉక్కు మీద కట్టే పెళుసు పొర) గీకి, సుత్తి గుంటలు పోయేదాకా ఆకురాయి పట్టేసరికి అక్కడక్కడా కాగితమంత పలచన మిగిలింది. దాన్ని ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే వాదరంతా ఎండుటాకు అంచులా మెలికలు తిరిగి బయటికొచ్చింది. చేత్తో సరిచేయబోతే పుటుక్కున విరిగింది.

ఆ ముక్క ఇప్పటికీ నా పనిబల్ల మీదే ఉంది. మొదటి కత్తికి ఏ పద్ధతి మంచిదని ఎవరడిగినా ముందు దాన్నే చేతిలో పెడతాను. నా సలహా ఇదీ: మొన, పిడి నుంచి మొన వైపుకి మందం తగ్గింపు సుత్తితో పూర్తిగా చేయండి. వాలు, అంటే వాదర వైపుకి పలచబడే ఏటవాలు పక్క, మాత్రం సుత్తితో సగం దాకా తెచ్చి ఆపేయండి, మిగతా సగం ఆకురాయికి వదిలేయండి. ఎందుకో, మిగతా దారుల్లో ఏం దొరుకుతుందో, ఏం పోతుందో చెబుతాను.

మూడు దారులు

మొదటిది, అసలు సుత్తే పట్టకపోవడం. ఉక్కు పట్టీ మీద కత్తి బొమ్మ గీసి, రంపంతో కోసి, వాలు మొత్తం గ్రైండర్‌తోనో ఆకురాయితోనో తీసేయడం. దీన్ని తక్కువగా చూసేవాళ్లున్నారు. అది తప్పు. 20వ శతాబ్దంలో ఈ పద్ధతికి గొప్ప పేరు తెచ్చిన అమెరికన్ కత్తుల తయారీదారు బాబ్ లవ్‌లెస్ (1929–2010) కత్తుల కోసం ఈ రోజుకీ జనం వెతుకుతూనే ఉన్నారు. ఒకే ఉక్కు, ఒకే పాయనం (ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరచడం) అయితే సాగగొట్టిన కత్తికీ, కోసి తీసిన కత్తికీ బలంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. "సుత్తితో కొడితే వాదర దగ్గర ఉక్కు దట్టపడుతుంది" అని ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది. దట్టపడదు. పాయనం కోసం ఉక్కుని మళ్లీ ఎర్రగా కాల్చినప్పుడు లోపలి నిర్మాణం మొత్తం కొత్తగా ఏర్పడుతుంది, అంతకుముందు పడ్డ దెబ్బల గుర్తు అందులో మిగలదు. దెబ్బల వల్ల దొరికేది ఆకారం. ఉన్న ఉక్కుని పారేయకుండా కావలసిన చోటికి జరపడం, పిడి దగ్గర మందంగా మొన వైపు పలచగా తీసుకుపోవడం సుత్తికి ఎంతో సులువు. ఆకురాయితో ఆ పలచదనం తేవాలంటే రోజులు పడుతుంది.

రెండోది, అన్నీ సుత్తితోనే చేసి చివర్లో కాస్త నునుపు మాత్రం పట్టడం. చేయి తిరిగినవాళ్లు ఇలా చేస్తే చూడముచ్చటగా ఉంటుంది. కొత్తవాళ్లకి ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి, కాల్చిన ప్రతిసారీ పైపొరలో కార్బన్ కొంత మాడిపోతుంది. ఆ పొర గట్టిపడదు కాబట్టి తీసేయాల్సిందే. పొలుసు, గుంటలు, ఈ మెత్తటి పొర కలిపి ఒక్కో వైపు అర మిల్లీమీటరు పోతుందనుకోండి. 1 మి.మీ. వాదరకి రెండు వైపులా అర మిల్లీమీటరు పోతే మిగిలేదేమిటి? రెండోది, పలచటి అంచు కొలిమిలో అందరికంటే ముందు మాడుతుంది, దాగలి మీద అందరికంటే ముందు చల్లారుతుంది. వెన్ను, అంటే వాదరకి ఎదురుగా ఉండే మందపు అంచు, ఇంకా నారింజ రంగులో ఉండగానే వాదర నల్లబడిపోతుంది. అప్పుడు కొట్టిన దెబ్బలకి కంటికి కనబడని చీలికలు పడతాయి. అవి నూనెలో ముంచినప్పుడు టిక్కుమని బయటపడతాయి.

మూడోది నేను చెప్పిన సగం సగం. 5 మి.మీ. పట్టీతో మొదలుపెడితే వాదరని సుత్తితో 2.5 మి.మీ. దాకా తెచ్చి ఆపండి. శుభ్రం చేశాక 1.5 మి.మీ. దరిదాపుల్లో మిగులుతుంది. నూనెలోకి వెళ్లడానికి అదే సరైన మందం. ఆకురాయి పని ఎక్కువే ఉంటుంది, దాచను. కానీ ప్రతి తప్పుకీ దిద్దుకునే చోటు మిగులుతుంది.

ఉక్కు

పేరు తెలిసిన ఉక్కు కొనడమా, తుక్కులోంచి ఏరుకోవడమా? మొదటి కత్తికి కొనండి. సుత్తి పట్టడం నేర్చుకోవడానికి తుక్కు చాలా మంచిది, చేతికందినంత కొట్టండి. కత్తి దాకా వచ్చేసరికి మాత్రం అందులో కార్బన్ ఎంతుందో తెలియకపోతే ఎంత వేడిలో, దేంట్లో ముంచాలో తెలియదు. లారీ స్ప్రింగు పట్టీల్లో చాలావరకు మంచి ఉక్కే ఉంటుంది, కానీ అన్నీ ఒకే రకం కావు. ఏళ్ల తరబడి బరువు మోసి లోపల బీటలు తీసి ఉండొచ్చు. జింకు పూత ఉన్న ముక్కని మాత్రం కొలిమిలో ససేమిరా పెట్టొద్దు, ఆ పొగ మనిషిని పడేస్తుంది.

కొనేవాటిలో మూడు పేర్లు ఎక్కువ వినబడతాయి. 1084లో కార్బన్ సుమారు 0.84 శాతం. సుత్తి కింద హాయిగా కదులుతుంది. అయస్కాంతానికి అంటుకోవడం మానేసే వేడి 770 డిగ్రీల సెల్సియస్ దగ్గర వస్తుంది, దానికి ఒక ఛాయ పైన, 815 ప్రాంతంలో, వెచ్చటి వంటనూనెలో ముంచితే చక్కగా గట్టిపడుతుంది. కొలత పరికరాలేవీ లేనివాళ్లకి ఇంతకంటే దయగల ఉక్కు నాకు తెలియదు. 1095లో కార్బన్ ఎక్కువ, 0.95 శాతం. పేరు బాగుందని చాలామంది దీంతో మొదలుపెట్టి ఏడుస్తారు. దీన్ని ఎర్రటి వేడి నుంచి 540 డిగ్రీల కిందికి సెకను లోపే దించాలి. మామూలు నూనెలో ఆ వేగం రాక సగం గట్టిపడి ఊరుకుంటుంది, నీళ్లలో ముంచితే పగిలే ప్రమాదం. 5160లో కార్బన్ 0.6 శాతం, కాస్త క్రోమియం ఉంటుంది. దెబ్బకి తట్టుకునే గుణం దీనిదే, పెద్ద నరుకుడు కత్తులకి ఇదే సరి. సుత్తి కింద మాత్రం 1084 కంటే మొండిగా ఉంటుంది, చేయి త్వరగా అలిసిపోతుంది.

కాబట్టి 1084 తీసుకోండి. 30 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. మందం. పొడవు ఒక 400 మి.మీ. ఉంచుకుంటే చివరిదాకా పట్టుకారు అవసరమే రాదు, కడ్డీ రెండో కొసే మీకు పిడి. కొత్తవాళ్ల దెబ్బలు పక్కకి పోవడానికి సగం కారణం పట్టుకారులో జారే ముక్కే.

కొలిమి, సుత్తి, దాగలి

ఇక్కడ ఎక్కువ మధనపడొద్దు. గ్యాస్ కొలిమిలో వేడి సమంగా వస్తుంది, ఉక్కు మాడే భయం తక్కువ. బొగ్గుల కొలిమిలో కావలసిన చోటే కాల్చుకోవచ్చు, కానీ కన్ను తిప్పితే మొన తెల్లగా మారి నిప్పురవ్వలు చిమ్ముతుంది, ఆ ముక్క ఇక పనికిరాదు, కోసి పారేయాలి. మొదటిసారికి గ్యాస్‌దే పైచేయి. ఏదైనా గాలి ఆడే చోటే, మూసిన గదిలో వద్దు. సుత్తి కిలో నుంచి కిలోన్నర లోపు, ముఖం కాస్త గుండ్రంగా, అంచులు అరగదీసి ఉండాలి. పదునైన అంచున్న కొత్త సుత్తి ప్రతి దెబ్బకీ ఒక నెలవంక గుర్తు పెడుతుంది, వాటిని ఆకురాయితో తీయాల్సింది మీరే. దాగలి దొరక్కపోతే రైలు పట్టా ముక్కని నిలువుగా పాతుకున్నా చాలు.

మొన: కోసి తేవాలా, కొట్టి తేవాలా?

రంపంతో పట్టీ కొసని ఏటవాలుగా కోస్తే రెండు నిమిషాల్లో మొన సిద్ధం. తప్పేం లేదు. అయినా కొట్టి తేవడమే నేర్చుకోండి అంటాను, ఎందుకంటే ఉక్కు ఎలా కదులుతుందో ఆ పదిహేను నిమిషాల్లో చేతికి తెలిసిపోతుంది.

పట్టీ కొస నారింజ రంగుకి వచ్చాక దాన్ని నిలబెట్టి, వెన్ను వైపు మూలని 45 డిగ్రీల కోణంలో కొట్టండి. చాలామంది సహజంగానే వాదర వైపు మూలని కొడతారు, ఎందుకంటే కత్తి వంపు అటే కదా ఉండేది. కానీ తర్వాత వాలు కొట్టినప్పుడు వాదర సాగి మొన దానంతటదే పైకి లేస్తుంది. ఇప్పుడే పైకి పెడితే అప్పుడు ఆకాశం చూస్తుంది. అందుకే ఈ దశలో కత్తి తలకిందులుగా ఉన్నట్టు కనబడాలి. మొదటిసారి చేసేవాళ్లకి ఇది నమ్మశక్యంగా ఉండదు, ఫరవాలేదు, నమ్మండి.

నాలుగైదు దెబ్బలకోసారి పడుకోబెట్టి చదును చేయాలి. మూల మీద కొడుతూ పోతే ఉక్కు పక్కలకి ఉబ్బుతుంది, ఆ ఉబ్బుని ఆలస్యంగా అణిస్తే మడతపడుతుంది. ఇంకొకటి కూడా దగ్గరగా చూడండి. కొస చివర పైపొర ముందుకు సాగి, మధ్య భాగం వెనకబడి, చేప నోరు తెరిచినట్టు చిన్న గుంట కనబడుతుంది. ఆ క్షణమే ఆపి, ఆ నోటిని ఆకురాయితో అరగదీయండి. కనబడనట్టు ఊరుకుని ఇంకో రెండు దెబ్బలు వేస్తే ఆ పెదాలు మూసుకుపోతాయి, లోపల చీలిక ఉండిపోతుంది. మొన అంతా పూర్తయ్యాక, నునుపు పడుతుంటే వెంట్రుకంత నల్లగీత తేలుతుంది. అప్పుడు చేయగలిగిందేమీ ఉండదు, మొనని పొట్టి చేసుకోవడం తప్ప.

వాలు కొట్టేటప్పుడు వచ్చే వంపు

కొత్తవాళ్లు ఎక్కువగా చేతులెత్తేసేది ఇక్కడే. వాదర వైపు ఉక్కుని పలచన చేస్తున్నామంటే అటువైపు పొడవు పెరుగుతోందన్నమాట. వెన్ను పొడవు మాత్రం మారదు. అందుకని అలుగు వెన్ను వైపుకి వంగిపోతుంది. మీ తప్పేం లేదు, ఉక్కు స్వభావమే అంత. దీన్ని ఎదుర్కోవడానికి రెండు దారులున్నాయి.

ఒకటి, ముందే ఎదురు వంపు పెట్టడం. వాలు మొదలుపెట్టకముందు పట్టీని వాదర వైపుకి, కొడవలిలా లోపలికి వంచాలి. వాలు కొట్టేకొద్దీ అది విచ్చుకుంటూ వచ్చి చివరికి తిన్నగా నిలుస్తుంది. లెక్క కుదిరితే ఇంత అందమైన పని ఇంకోటి లేదు. ఆ లెక్క కుదరాలంటే వాలు ఎంత కొడతారో, వాదర ఎంత సాగుతుందో ముందే తెలియాలి. మొదటి కత్తికి ఎవరికి తెలుస్తుంది?

రెండోది, ప్రతి కాకకీ సరిచేసుకోవడం. కాక అంటే కొలిమిలోంచి తీసినప్పటి నుంచి మళ్లీ లోపల పెట్టేదాకా పట్టే సమయం, పది పన్నెండు దెబ్బలకి మించదు. ఒక కాక వాలు కొట్టండి, ఎడమ పక్క ఎన్ని దెబ్బలో కుడి పక్కా అన్నే. వచ్చే కాకలో ముందు అలుగు వెన్ను దాగలికి ఆనేలా నిలబెట్టి, వాదర మీద చెక్క సుత్తితో రెండు మూడు దెబ్బలు వేసి తిన్నగా చేయండి. ఇనుప సుత్తితో కొడితే వాదర నలిగి మొద్దుబారుతుంది, చెక్క అయితే వంపు మాత్రమే పోతుంది. చెక్క మండి పొగ వస్తుంది, కంగారు పడకండి. ఆ తర్వాత మళ్లీ వాలు. కాకలు ఎక్కువ పడతాయి, కానీ తప్పు ఎప్పుడూ ఒక్క కాకంతే ఉంటుంది, పెరిగి చేయి దాటిపోదు. మొదటి అయిదు కత్తులకీ నేను ఇదే చెబుతాను. ఆ అయిదూ అయ్యేసరికి ఎదురు వంపు ఎంత పెట్టాలో కంటికే తెలుస్తుంది.

కొట్టే తీరు గురించి ఒక్క మాట. అలుగు దాగలి అంచుకి దగ్గరగా, వాదర మీ వైపు ఉండేలా పెట్టి, సుత్తిని కొద్దిగా మీ వైపు వాల్చి కొట్టండి. దెబ్బలు పిడి దగ్గర్నుంచి మొన దాకా వరసగా, ఒకదాన్నొకటి సగం కప్పుకుంటూ పడాలి. రంగు ముదురు ఎరుపులోకి దిగగానే ఆపేయండి. "ఇంకొక్క దెబ్బ" అనిపిస్తుంది చూశారా, చీలికలన్నీ ఆ దెబ్బలోంచే పుడతాయి. బొగ్గుల కొలిమి అయితే మళ్లీ పెట్టేటప్పుడు వెన్ను కిందికి, వాదర పైకి ఉండేలా పెట్టండి, పలచటి వైపు మాడదు.

తోక

అలుగు నుంచి పిడిలోకి పోయే భాగాన్ని తోక అంటున్నాను. సన్నగా సాగగొట్టి పిడిలోకి దించడం ఒక పద్ధతి, పిడి ఆకారంలోనే పూర్తి వెడల్పుతో ఉంచి రెండు పక్కలా చెక్క అతికించడం ఇంకో పద్ధతి. సన్న తోకతో కత్తి తేలిగ్గా ఉంటుంది, ఉక్కు ఆదా. కానీ అలుగు, తోక కలిసే భుజాల దగ్గర లోపలి మూల పదునుగా మిగిలితే బిగువంతా అక్కడే చేరి పాయనంలోనో వాడకంలోనో విరుగుతుంది. ఆ మూలని గుండ్రటి ఆకురాయితో వంపుగా తీయాలి, రెండు భుజాలూ ఒకే గీత మీద ఉండాలి. మొదటి కత్తికి ఈ తలనొప్పి వద్దు, పూర్తి వెడల్పు తోకే పెట్టుకోండి. సీలలకి రంధ్రాలు మాత్రం పాయనానికి ముందే వేసుకోవాలి, తర్వాత డ్రిల్ దిగదు.

వాలు ఏ ఆకారంలో?

వెన్ను నుంచి వాదర దాకా ఒకే చదునైన వాలు, వాదర దగ్గర మాత్రమే చిన్న వాలు, ఉబ్బెత్తు వాలు, లోపలికి గుంట తీసిన వాలు. గుంట వాలుకి చక్రం ఉన్న గ్రైండర్ కావాలి కాబట్టి పక్కన పెట్టేద్దాం. వాదర దగ్గర చిన్న వాలు చూడటానికి సులువనిపిస్తుంది. 4 మి.మీ. మందానికి ఒక్కో వైపు 12 డిగ్రీలంటే వాలు వెడల్పు 9 మి.మీ. పైచిలుకే. కానీ పై భాగం అద్దంలా చదునుగా ఉంటేనే వాలు గీత తిన్నగా వస్తుంది. సుత్తి పడ్డ ఉక్కు మీద ఆ గీత పాములా మెలికలు తిరిగి ప్రతి ఎగుడుదిగుడునీ ఎత్తి చూపిస్తుంది. వెన్ను నుంచి వాదర దాకా పోయే చదును వాలైతే ఆ ఎగుడుదిగుళ్లన్నీ ఆకురాయి కిందే పోతాయి, పైగా సుత్తితో సగం చేసిన వాలు దీనికే అతుకుతుంది. ఉబ్బెత్తు వాలు నాకు ఎంతో ఇష్టం, వాదరకి బలం. మూడో కత్తికో నాలుగో కత్తికో ప్రయత్నించండి.

అలుగు పొడవు 100 మి.మీ. దాటనివ్వకండి. పొడవు పెరిగేకొద్దీ సమంగా కాల్చడం కష్టం, నూనెలో వంకర పోవడం సులువు.

ఆకురాయా, గ్రైండరా?

బెల్ట్ గ్రైండర్ ఉన్నవాళ్లని వాడొద్దనను. అయినా మొదటి కత్తికి ఆకురాయి మేలు. గ్రైండర్ మీద ఒక్క సెకను చేయి వాలితే పడే గాడిని తీయడానికి మొత్తం వాలు పలచన చేయాలి. ఆకురాయి అంత తొందరపడదు, తప్పు చేయబోతున్నారని ముందే చెబుతుంది. 300 మి.మీ. ముతక ఆకురాయి ఒకటి, మధ్యరకం ఒకటి, ఒక గట్టి వైస్ చాలు.

ముందుగా చేయాల్సినవి రెండున్నాయి. పొలుసు మీద ఆకురాయి పెడితే పళ్లు పోతాయి, కాబట్టి అలుగుని ఒక రాత్రి వెనిగర్‌లో నానబెట్టండి, ఉదయం బ్రష్‌తో రుద్దితే పొలుసు ఊడి వస్తుంది. దానికంటే ముందు, చివరి కాక అయిపోయాక, ఉక్కుని అయస్కాంతం అంటుకోని వేడికి తెచ్చి పొడి బూడిదలో పూర్తిగా పూడ్చిపెట్టండి. తెల్లారేదాకా నెమ్మదిగా చల్లారి మెత్తబడుతుంది. ఇది చేయకుండా ఆకురాయి పట్టి, ఉక్కు మీద జారిపోతోందని ఆకురాయిని తిట్టుకునేవాళ్లని చూశాను.

బలం విషయంలో అనుమానం ఉన్నవాళ్లకి ఒకటి చెప్పాలి. 1976లో ఏర్పడిన అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ తన మొదటి స్థాయి పరీక్షలో అంగుళం మందం తాడుని ఒకే వేటుకి తెంపమంటుంది, కట్టెని రెండుసార్లు నరకమంటుంది, ఆ తర్వాత కూడా అదే వాదర వెంట్రుకలు గీయాలంటుంది. చివరికి అలుగుని వైస్‌లో బిగించి 90 డిగ్రీలు వంచుతారు, విరగకూడదు. వాలు సుత్తితో ఎంత, ఆకురాయితో ఎంత అన్నది ఈ నాలుగింటిలో దేన్నీ తేల్చదు. వాదర మందం, పాయనం తేలుస్తాయి.

నూనెలోకి వెళ్లేముందు

వాదరని మార్కర్‌తో నల్లగా పూసి, మధ్యలో 1.5 మి.మీ. ఎడంతో పొడుగునా రెండు గీతలు సూదితో గీయండి. ఆకురాయి పట్టేటప్పుడు ఎడమ పక్క ఒక గీత దాకా, కుడి పక్క రెండో గీత దాకా మాత్రమే రావాలి. ఒక పక్కే ఎక్కువ అరిగితే అలుగు నూనెలో మందంగా ఉన్న పక్కకో, పలచగా ఉన్న పక్కకో వంకర తిరుగుతుంది. గీతలుంటే ఆ తేడా పుట్టకముందే కనబడుతుంది. అడ్డంగా పడ్డ ముతక గాట్లన్నీ మధ్యరకం ఆకురాయితో, ఆ తర్వాత 120 నంబరు గరుకు కాగితంతో నిలువుగా తీసేయండి, అడ్డ గాటు దగ్గరే చీలిక మొదలవుతుంది.

ఇప్పుడు అలుగుని వెలుతురుకి ఎదురుగా, మొన మీ వైపు చూసేలా పట్టుకుని, ఒక కన్ను మూసి వాదర వెంట చూడండి. నల్లటి గీత మొన నుంచి పిడి దాకా ఒకే వెడల్పులో, ఎక్కడా పక్కకి జరగకుండా కనబడిందా? అయితే నూనెని 50 డిగ్రీలకి వెచ్చబెట్టండి. ఎక్కడైనా సన్నబడిందా, ఈ రోజుకి కొలిమి వెలిగించకండి, ఆకురాయి మళ్లీ అందుకోండి.